కాపడానికి ఊడిన ఫిల్టరు

మొన్న రాష్ట్ర అవతరణ దినం నాడు, ఇప్పుడు మేముంటున్న జనగామలో, మా కాలనీ వాళ్లు జెండా ఎగరేసి, తెలంగాణ ఉద్యమంలో తిరిగిన వాళ్లకు శాలువాలు కప్పారు. మా మరిదికీ కప్పారు. కప్పించుకోవలసిన మనిషే, కాదనను. లాఠీ దెబ్బలు తిన్నాడు, ఠాణాలో పడుకున్నాడు. కానీ శాలువాతో ఊరుకోకుండా అతని చేతికి మైకు కూడా ఇచ్చారు. సమ్మె రోజుల్లో బుల్లెట్ బండికి ఫిల్టరు బిగుసుకుపోతే తానూ ఒక లారీ డ్రైవరూ కలిసి దాన్ని ఎట్లా ఊడదీశారో, బస్సులు లేని రోజున వదినను బండి మీద మానుకోట దాకా తీసుకుపోయి ఎట్లా పరీక్ష రాయించాడో, ఆ వదినే తర్వాత అంగన్‌వాడీ టీచరు ఎట్లా అయిందో చెప్పి, "గా వదిన గీడనే కూసున్నది" అని నన్ను చూపించాడు. అందరూ తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. అంతమంది చూస్తుంటే ఏం చేస్తాను, లేచి దండం పెట్టాను. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. నాకు మైకు ఎవరూ ఇవ్వలేదు. పెన్ను మాత్రం ఒకరు ఇస్తే తీసుకునేది కాదు, అది నాకున్నది. అందుకని అసలు జరిగింది రాస్తున్నాను.

నాకు అక్షరాలు వచ్చింది ముప్పై దాటాక. తొర్రూరు దగ్గర మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు వరండాలో రాత్రిబడి పెట్టినప్పుడు, పగలంతా నాట్లు వేసి వచ్చి కూర్చునేదాన్ని. అంతకు ముందు బస్సును డ్రైవరు ముఖం చూసి గుర్తుపట్టేదాన్ని. డ్రైవరు మారిన రోజు ఖమ్మం పోయే బస్సెక్కి వరంగల్ పోతున్నాననుకుని నిమ్మళంగా కూర్చున్నాను కూడా. చదవడం వచ్చాక ఇక నన్ను ఆపేవాళ్లు లేకపోయారు. ఎరువు బస్తా మీది రాతలు, దగ్గు మందు సీసా మీది రాతలు, పెండ్లి పత్రికలో అడుగున ఉండే ప్రెస్సు పేరు దాకా చదివేదాన్ని. పెండ్లికి పిలవడానికి వచ్చిన వాళ్లు నేను చదవడం అయిపోయేదాకా గడపలో నిలబడి కాళ్లు మార్చుకునేవాళ్లు. తర్వాత మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా కుదిరాను. గుడ్లు ఉడకబెట్టడం, పిల్లల ముక్కులు తుడవడం, ఊడ్వడం. పదో తరగతి పాసైన ఆయాను టీచరుగా తీసుకుంటారని తెలిసి ఓపెన్ టెన్త్ కట్టాను. అన్నీ గట్టెక్కాయి, లెక్కలు ఒక్కటి తప్పింది. దాన్ని మళ్లీ రాయాలి. ఆ ఏడే రాయాలి, ఎందుకంటే మరుసటి ఏడుకు నా వయసు దాటిపోతుంది, ఇక టీచరు ఉద్యోగానికి నన్ను లెక్కలోకి తీసుకోరు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా మరిదికి ఇంకా బాగా తెలుసు, మానుకోటకు పోయి నా హాల్‌టికెట్టు తెచ్చింది అతనే.

బండి మా ఇంటాయనది. ఆయన భూపాలపల్లిలో బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని చేస్తూ క్వార్టర్లలో ఉండేవాడు. ఎవరో రిటైరైన పెద్దమనిషి దగ్గర ఆ బుల్లెట్టును కొని, అక్కడ నీడ లేదని తెచ్చి ఊళ్లో పెట్టాడు. వచ్చినప్పుడు మా కంటే ముందు దాన్ని పలకరించేవాడు. ఉద్యమం ముదిరాక ఆ బండి మా ఇంటిది కాకుండా పోయింది. ర్యాలీ అంటే ముందు అదే ఉండాలి. జెండా కట్టాలంటే అదే, మండలానికి కబురు పోవాలంటే అదే. ఎవరు పడితే వాళ్లు తోలేవాళ్లు, పెట్రోలు పోసేవాళ్లు మాత్రం కనిపించేవాళ్లు కాదు. నేను ఏమీ అనలేదు. మా మాట వింటే నవ్వేవాళ్లూ, సినిమాల్లో జోకర్లకూ రౌడీలకూ మా మాట పెట్టి పైసలు చేసుకునేవాళ్లూ అప్పుడు మా మీద పెత్తనం చేస్తున్నారు. నాకూ మండేది. నేనూ బతుకమ్మను రోడ్డు మీద పెట్టి ఆడాను, నేనూ జైలుకు పోతానన్నాను. బండి పోతే పోయిందిలే అనుకున్నాను.

ఆ బండికి కుడికాలు పెట్టే దగ్గర, ఇంజను పక్కన, గుండ్రటి మూత ఒకటుంటుంది. మధ్యలో ఒక నట్టు. మూత లోపల ఫిల్టరు. చాయ్‌కి వడపోసే జాలి ఎట్లాగో ఇంజను నూనెకు అది అట్లా. ఆ మూత దగ్గర నూనె కారడం మొదలైంది. తోలిన ప్రతివాడూ తన బలం చూపించి నట్టును ఇంకొంచెం బిగించాడు. అయినా కారింది. ఆ తర్వాత ఒకనాటి నుంచి బండి నిలబెట్టిన చోట మరక తగ్గింది. ఎవరో మంచి మేస్త్రీ చేశాడనుకున్నాను.

నా పరీక్ష మధ్యాహ్నం. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, ఆటోలు బంద్. బండి తప్ప దారి లేదు. మా మరిది ముందు రోజే, నూనె మార్చి, కొత్త ఫిల్టరు వేసి, గుర్రం లాగా తయారు చేస్తానన్నాడు. నేను పొద్దున లేచి స్నానం చేసి, పెన్నులూ స్కేలూ సంచిలో పెట్టుకుని వచ్చేసరికి గుర్రం పేగులు బయట వేసుకుని పడి ఉంది. పాత నూనె అంతా కిందికి వదిలేశాడు. నట్టు ఊడదీశాడు. మూత మాత్రం రాలేదు. రాకపోగా ఒక అంచున వెంట్రుకంత లేచి, మిగిలిన చుట్టూ అట్లాగే అతుక్కుంది. ఇప్పుడు కొత్త నూనె పోస్తే ఆ సందులోంచి అంతా రోడ్డు పాలే. మూత రావాలి, లేదా నేను ఆగాలి.

ఆ రోజు మా ఊరి రోడ్డు మీద వంటావార్పు. తెలియని వాళ్లకు చెబుతున్నాను, రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం. బండ్లు ఆగాలి, సర్కారుకు సెగ తగలాలి. మంచి ఆలోచనే. కానీ ఎవరూ అడగనిది ఒకటుంది. ఇంట్లో వండేది మేమే, రోడ్డు మీద వండేదీ మేమే, మాట్లాడేది మాత్రం వాళ్లు. పొగ మా కళ్లలోకి, మైకు వాళ్ల నోటి ముందుకు. మా అత్త పెద్ద గుండిగ దగ్గర కూర్చుని బియ్యానికి ఎసరు పెట్టింది. మా మరిది బండిని అక్కడికే నెట్టుకొచ్చాడు, ఆగిపోయిన లారీల్లో సుత్తెలూ పానాలూ ఉంటాయని.

ఇక మగవాళ్ల వైద్యం మొదలైంది. లారీ డ్రైవరొకాయన స్క్రూడ్రైవరు పెట్టి సుత్తెతో కొట్టాడు. ఒకరు తుప్పు అన్నారు, ఇంకొకరు కంపెనీ బిగింపు అట్లాగే ఉంటుందన్నారు. చుట్టూ నిలబడ్డ ప్రతివాడికీ ఒక బావమరిది మెకానిక్కు ఉన్నాడు, ఆ బావమరిది ఇట్లాంటివి ఎన్నో ఊడదీశాడు, కానీ ఆ బావమరుదులు ఎవరూ అక్కడ లేరు. మూతకు సొట్టలు పడ్డాయి గాని కదల్లేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. చివరికి డ్రైవరు చెమట తుడుచుకుని, దీన్ని కోసి తీసుడు తప్ప దారి లేదు, దుకాణాలు తెరిచినంక చూసుకోండి అన్నాడు.

అప్పుడు మా మరిది నా దిక్కు తిరిగి, ఏదో చిన్న పిల్లకు జాతర తప్పిపోయినట్టు అన్నాడు. "ఈసారికి ఇడిసిపెట్టు వదినా. తెలంగాణ వచ్చినంక రాద్దువుగాని."

చుట్టూ ఉన్నవాళ్లు తలలు ఊపారు. ఒకడు, గీ వయసుల లెక్కల పరీక్షేంది అక్కా, అని నవ్వాడు కూడా. ఏడుపు వస్తుందేమోనని కిందికి చూశాను. అక్కడ, స్క్రూడ్రైవరు మొన దగ్గర, నేల మీద ఎర్రటి పెచ్చు ఒకటి పడి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. తుప్పు చేతికి పొడిగా అంటుతుంది. ఇది గాజుపెంకు లాగా మెరుస్తోంది.

"తమ్మీ, గిదేంది?" అని మా మరిదిని అడిగాను.

"ఏమో, తుప్పు గావచ్చు."

"తుప్పు గిట్ల మెరుస్తదా? గిది కొడవలి పిడిల పోసే లక్క. ఎవలు పోసిండ్రు?"

మా దగ్గర కొడవలి పిడి ఊగితే లక్క కరగబెట్టి పోస్తారు. చల్లారిందంటే రాయి. ఊళ్లో ప్రతి ఇంట్లో ఒక ముద్ద ఉంటుంది. మా మరిది ఆకాశం దిక్కు చూశాడు. పొయ్యి దగ్గర నుంచి మా అత్త తల ఎత్తింది. "అటక మీది లక్క ముద్ద ఏమాయెనని నేను ఇల్లంతా దేవులాడితి. గీ కొడుకే వట్కపోయిండు."

ఆడవాళ్లు నవ్వారు. మా మరిదికి రోషం వచ్చింది. ఊరేగింపులో బండి నూనె కార్చుకుంటూ పోతే ఇజ్జత్ పోదా, అందుకే ఆపినానన్నాడు. మరమ్మతు తెలియక లక్క పోశాడు, అది తప్పని నేను అనను. మా ఊళ్లో ఊగేదాన్ని దేన్నయినా అట్లాగే ఆపుతాం. కానీ పొద్దటి నుంచి ఆ లక్క సంగతి అతనికి తెలుసు. తెలిసీ డ్రైవరు చేత సుత్తె దెబ్బలు కొట్టించాడు. పదిమందిలో లక్క పోసినానని చెప్పుకోవడం కంటే నా పరీక్ష పోవడమే నయమనుకున్నాడు. నాకు ఇన్నేళ్లుగా మండుతున్నది ఇక్కడ.

ఇంజను వేడెక్కితే లక్క మెత్తబడేదే, కానీ నూనె లేని ఇంజనును స్టార్ట్ చేయరాదు. నేను సంచి కింద పెట్టి, మా అత్త దగ్గరకు పోయి, పాత చీర పేలిక ఒకటి అడిగాను. దాన్ని ఎసట్లో ముంచబోతే మా మరిది అడ్డం వచ్చాడు. అది ఉద్యమం అన్నానికి పెట్టిన ఎసరట, అందులో బట్ట ముంచితే పదిమంది ఏమనుకుంటారట. మా అత్త గంటె పక్కన పెట్టింది. ఆమెకు చదువు లేదు, ప్రసంగం అంతకన్నా రాదు.

"ఉద్యమం అన్నం కొంచెం ఆగి తినుండ్రి. దాని పరీక్ష ఆగదు."

అని, తనే ఒక గిన్నెలోకి సలసల కాగే నీళ్లు ముంచి ఇచ్చింది. మా అత్త మోకాళ్లకు నేను ఎన్నేళ్ల నుంచో కాపడం పెడుతున్నాను. ఎంత వేడి పట్టాలో, ఎప్పుడు బట్ట మార్చాలో నా చేతులకు అలవాటు. మూత చుట్టూ అట్లాగే వేడి బట్ట చుట్టి, చల్లారకముందే తీసి, మళ్లీ ముంచి చుట్టాను. వేళ్లు కాలాయి. కాసేపటికి లక్క వాసన వచ్చింది, లక్క గాజులు చేసే దుకాణం లాగా. చూస్తున్న డ్రైవరు ముందుకొచ్చి కూర్చున్నాడు. బట్ట మీదుగానే మూతను పట్టుకుని మెల్లగా తిప్పాడు. ఏ చప్పుడూ లేకుండా అది చేతిలోకి వచ్చింది. ఎర్రటి తీగలు సాగుతూ, మూతకే అతుక్కుని, నల్లగా నానిన పీనుగు లాగా ఫిల్టరు కూడా బయటికి వచ్చింది. డ్రైవరు దాన్ని పైకెత్తి మా మరిదికి చూపించి, ముందే చెప్తే నా సుత్తెకైనా పని తప్పుతుండె గదా, అన్నాడు. అనవలసింది ఇంకా చాలా ఉండింది.

కొత్త ఫిల్టరు మా మరిది జేబులోనే ఉంది. మూత కింద పెట్టే అట్ట చినిగిపోతే, నా లెక్కల నోటుబుక్కు అట్ట కోసి పెట్టారు. నూనె పోశారు. ఒక్క తన్నుకే బండి పలికింది.

దారిలో రెండు మూడు చోట్ల రోడ్డు మీద రాళ్లూ చెట్ల కొమ్మలూ అడ్డం ఉన్నాయి. ఆపిన ప్రతిచోటా మా మరిది ఛాతీ విరుచుకుని, పరీక్ష ఉన్నదన్నా, అనేవాడు. నీకా అని వాళ్లు, కాదు మా వదినకు అని ఇతను. వాళ్లు నన్నూ నా నెరిసిన జుట్టునూ చూసి, నవ్వి, జై తెలంగాణ అని దారి ఇచ్చారు. నేనూ జై తెలంగాణ అన్నాను. మనసారా అన్నాను. మానుకోటలో గేటు మూస్తుండగా లోపలికి పోయాను. కాలిన వేళ్లతో పెన్ను పట్టుకుంటే మండింది, గోటి కింద లక్క ఎర్రగా ఉంది. జవాబు కాగితం మీద ఒక మూలన నూనె మరక పడింది. పాసు మార్కులు వచ్చాయి, వాటికి పైన పెద్దగా ఏమీ లేవు. నాకు అవే చాలు. ఆ రాత్రి ఇంటాయన భూపాలపల్లి నుంచి ఫోను చేస్తే జరిగిందంతా చెప్పాను. అంతా విని, "ఇంజనుకు ఏం గాలేదు గద?" అన్నాడు.

మొన్న శాలువాతోనే మా మరిది చాయ్ తాగడానికి ఇంటికి వచ్చాడు. లక్క సంగతి చెప్పలేదేమని అడిగాను. గంతమంది ముంగట అదెందుకు వదినా, అన్నాడు. సరే, మరి నువ్వు నన్ను తెలంగాణ వచ్చినంక రాయమన్న సంగతో అన్నాను. కప్పు కింద పెట్టి నా ముఖం చూశాడు. అబద్ధం ఆడే మనిషి చూపు కాదు అది.

"నేను అట్ల అన్ననా?"

నిజంగానే గుర్తు లేదు. అతనికి శాలువా గుర్తుంటుంది, లాఠీ గుర్తుంటుంది. ఇట్లాంటి మాటలు అన్నవాళ్లకు గుర్తుండవు. రాష్ట్రం వచ్చింది, రానే వచ్చింది, నేను సంతోషపడ్డాను. అది వచ్చిన నాటికి నేను అంగన్‌వాడీలో టీచరు కుర్చీలో ఉన్నాను. అతని మాట విని ఆగి ఉంటే గుడ్లు ఉడకబెడుతూ ఉండేదాన్ని. ఆ దినాల్లో మేము రోడ్ల మీద అన్నిటినీ ఆపాం, బస్సులను ఆపాం, లారీలను ఆపాం, బాయిలో బొగ్గును ఆపాం. నా వయసు మాత్రం ఏ రాళ్ల దగ్గరా ఆగకుండా, ఎవరినీ దారి అడగకుండా వెళ్లిపోయింది.