ఎవరి తరఫున

టెర్నోపిల్ నగర కోర్టులో ఏళ్ల తరబడి వాదించిన జోర్యానా, నగరసభకు ఎన్నికయ్యాక కూడా కోటు సవరించుకునే లేచేది. సభాధ్యక్షుణ్ణి పొరపాటున "న్యాయమూర్తి గారూ" అనేది, సభంతా నవ్వేది. ఆరోజు సంత తీసేసి బస్టాండు కట్టాలన్నవాళ్లను చేతులెత్తమన్నారు. ఆ సంతలో ఊరవేసిన దోసకాయలమ్మే హాఫియా అంగడిని తీసేయబోతే ఒకప్పుడు కోర్టులో వాదించి నిలబెట్టింది తనే. మంచులో బస్సు కోసం వణికే నగర శివారువాళ్లూ తనకు ఓటేసినవాళ్లే. జోర్యానా చెయ్యి సగం లేపి, దించి, మళ్లీ ఎత్తింది. సంత తీసెయ్యడం ఖాయమైంది.

మెట్ల మీద హాఫియా అడ్డం వచ్చింది. "ఇప్పుడు నువ్వు ఎవరి లాయరువమ్మాయ్?"

"అందరి తరఫునా, పిన్నీ."

"అందులో నేనున్నానా?"

జోర్యానా అలవాటుగా కోటు గుండీ తడుముకుంది. హాఫియా కోపంగా కూడా లేదు. జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తూ నిలబడింది.