ఇంజిన్‌కి అద్దం మూత

ఉస్తా బరకాత్‌కి, అంటే మేస్త్రీ బరకాత్‌కి, పిచ్చెక్కిందని అలెగ్జాండ్రియాలో కర్మూజ్ పేట మెకానిక్కుల వీధి మొత్తం తీర్మానించేసింది. లేకపోతే ఏమిటి? లాడా కారు ఇంజిన్ నెత్తిన నిక్షేపంగా ఉన్న రేకు మూత, అదే ట్యాపెట్ కవర్, పీకేసి దాని చోట అద్దం మూత పెడతాడట. ఇంజిన్ తిరుగుతుంటే లోపలిదంతా పైనుంచి కనిపించాలట. కనిపిస్తే ఏమొస్తుందయ్యా అని అడిగినవాణ్ణి కసురుకుంటాడు. అడగనివాణ్ణి కూడా ముందుజాగ్రత్తగా కసురుకుంటాడు.

బరకాత్ పదకొండో ఏట మేనమామ షెడ్డులో చేరాడు. ఆ వీధిలోనే మీసాలొచ్చాయి, ఆ వీధిలోనే నెరిశాయి. అలెగ్జాండ్రియా టాక్సీవాళ్ళలో అతని పేరు పాకింది చేతుల వల్ల కాదు, చెవుల వల్ల. కాఫీ కొట్టు ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు. పసుపు నలుపు టాక్సీ ఒకటి వీధి మలుపు తిరిగేది. అది ఆగకముందే, "రాకర్ వదులైంది, చైను సాగింది, రేపు పొద్దున్నే బండి వదిలిపెట్టి పో" అనేవాడు. విప్పి చూస్తే అచ్చంగా అంతే ఉండేది.

అందుకే అతని దగ్గరికి బండి తెచ్చినవాడెవడూ జబ్బు ఇదీ అని చెప్పకూడదు. అలా చెప్పడమంటే అతన్ని అవమానించడమే. ఓసారి ఎవరో కొత్త డ్రైవరు నోరు జారి, "ఉస్తా, చైను చప్పుడు చేస్తోంది" అన్నాడు. "అయితే నువ్వే బాగుచేసుకో, నేను నీ బండి తోలుకుంటా" అని తాళంచెవి లాక్కున్నంత పని చేశాడు బరకాత్. తోటి మెకానిక్కుల్ని కూడా వదల్లేదు. "మీరు కసాయివాళ్ళురా, ముందు కోసేసి తర్వాత వెతుక్కుంటారు" అని ఎదుటే అనేవాడు. ఆ నోటి దురుసు వల్ల వీధిలో సగం మందికి అతనంటే పడేది కాదు. ఆ చెవుల వల్ల ఆ సగం మంది కూడా గౌరవించక తప్పేది కాదు.

ఇప్పుడా చెవులు పోతున్నాయి.

ముందు సన్న చప్పుళ్ళు పోయాయి. ఇంజిన్ పైభాగాన వాల్వుల్ని నొక్కే రాకర్ల టకటక, చైను గరగర వినిపించడం మానేశాయి. విచిత్రమేమిటంటే బరకాత్ మొదట్లో సంతోషించాడు. బజారులోకి మంచి ఆయిలేదో వచ్చినట్టుంది, బళ్ళన్నీ మెత్తగా నడుస్తున్నాయి అనుకున్నాడు. ఆ మాట పదిమందిలో అన్నాడు కూడా. ఇంట్లో భార్య ఇన్షిరాహ్ పెదాలు కదుపుతోంది కానీ మాట రావడం లేదని గమనించిన రోజున గాని అసలు సంగతి అర్థం కాలేదు. ఆ రోజు అన్నం సహించలేదు.

"చెవి డాక్టరు దగ్గరికి పోదాం, లే," అంది ఇన్షిరాహ్, అరిచినంత గట్టిగా.

"చెవిలో ఆ బటాణీ గింజంత మిషను పెట్టుకుని షెడ్డులో కూర్చుంటే ఏ టాక్సీవాడొస్తాడే నా మొహం చూడ్డానికి?"

"పెట్టుకోకుండా కూర్చుంటే మాత్రం ఎన్నాళ్ళొస్తారు?"

ఆ ప్రశ్న అతనికి స్పష్టంగానే వినిపించింది. వినపడనట్టు టీవీ వైపు తిరిగాడు.

వినలేకపోతే చూస్తాను, అనుకున్నాడు. ఏ రాకర్ వెనకబడుతోందో, చైను ఎక్కడ ఊగుతోందో, ఆయిలు అందుతోందో లేదో కళ్ళతో పట్టుకోవచ్చు. అలాగని మూత తీసి ఇంజిన్ నడిపితే ఆయిలు మొహం మీదికి చిమ్ముతుంది. మూత ఉండాలి, ఉన్నా కనపడాలి. ఊళ్ళో టాక్సీలన్నిటికీ దాదాపు అదే ఇంజిన్ కాబట్టి ఒక్క మూత చేసుకుంటే చాలు. అసలు కారణం మాత్రం ఎవరికీ తెలియకూడదు.

ఎదురు షాపు బుత్రుస్ డాక్టర్లకి, లాయర్లకి ప్లాస్టిక్ అద్దంతో పేర్ల బోర్డులు చేస్తాడు. మెత్తటి మనిషి. అతన్ని పట్టుకున్నాడు బరకాత్. బుత్రుస్ పలకలు కోసి, అంటించి, పెట్టెలాంటి మూత చేసి ఇచ్చాడు. మెరిసిపోతోంది. తన షెడ్డులో పడి ఉన్న పాత లాడాకి బిగించి స్టార్టు చేశాడు. టీ గ్లాసు ఖాళీ అయ్యేంతసేపు బ్రహ్మాండంగా ఉంది. ఇంజిన్ వేడెక్కేసరికి మూత నట్టు దగ్గర చిట్లింది. ఆయిలు కాలుతున్న గొట్టం మీద పడి వీధి నిండా పొగ కమ్మింది.

కాఫీ కొట్టువాళ్ళకి ఇంకేం కావాలి?

"ఏం ఉస్తా, తామియా వడలు వేయిస్తున్నావా? వేడివేడిగా రెండు ఇటు పారెయ్!"

"తామియా కాదురా, ఇంజిన్‌కి షోకేసు కడుతున్నాడు. రేపు లోపల గాజు బొమ్మలు కూడా పెడతాడు!"

బరకాత్‌కి ఆ మాటలు సరిగా వినపడలేదు. నవ్వుతున్న పళ్ళు కనిపించాయి. అది చాలదా ఒళ్ళు మండటానికి?

రెండోసారి మందం పలక వాడారు. అది చిట్లలేదు, వంకర తిరిగింది. అప్పడంలా అంచులు లేచి చుట్టూ ఆయిలు కారింది. బరకాత్ ఆ మూత పట్టుకెళ్ళి బుత్రుస్ బల్లమీద పడేశాడు.

"ఇదా నీ పనితనం?"

"చూడు బరకాత్, నేను పళ్ళ డాక్టర్లకి బోర్డులు చేసేవాణ్ణి," అని గొంతు పెంచాడు బుత్రుస్ బల్ల తుడుచుకుంటూ. "నా బోర్డుల మీద కాగిన నూనె ఇంతవరకూ ఎవడూ పొయ్యలేదు. అయినా ఈ ముచ్చట నీకెందుకు? కుర్రాళ్ళు చేయించుకుంటే సోకు అనుకుంటాం. నీకేమొచ్చింది?"

బరకాత్ నోరు తెరిచాడు. చెప్పేస్తే బాగుండుననిపించింది. గొంతు దాకా వచ్చింది. "నా ఇష్టం," అని వచ్చేశాడు. దారి పొడుగునా తనని తానే తిట్టుకున్నాడు.

మూడో మూతకి పోలీసుల డాళ్ళకి వాడే గట్టి పలక దొరికింది. ఈసారి పాత రేకు మూత నడుమ కిటికీలా కోసి, చుట్టూ అంచు ఉంచి, రబ్బరు ప్యాకింగ్ వేసి, పలకని బోల్టులతో బిగించాడు. చిట్లలేదు, వంగలేదు, చుక్క కారలేదు. కానీ ఏం లాభం? ఇంజిన్ స్టార్టు చేయగానే లోపల ఆయిలు ఎగజిమ్మి కిటికీ అంతా కమ్మేసింది. తేనె సీసాలోకి తొంగి చూస్తున్నట్టుంది. ఇంత అవస్థపడి, ఇంతమందితో మాటలు పడి, చివరికి ఆయిలు తప్ప ఏమీ కనపడదు! స్పానరు తీసి ఒక్కటిచ్చాడు. అది పగల్లేదు. పోలీసుల డాలు మరి. పగిలినా కొంత కసి తీరేది.

తర్వాత ఎన్ని తంటాలు పడ్డాడో లెక్కలేదు. ఆఖరికి సన్న రేకు పట్టీ ఒకటి వంచి కిటికీ కింద వాలుగా పెట్టాడు. ఎగిరిన ఆయిలు దానికి తగిలి పక్కకి జారిపోయింది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కిటికీ తేటగా ఉండిపోయింది.

బరకాత్ వంగి చూశాడు. జీవితమంతా చెవితో చూసినవి మొదటిసారి కళ్ళెదుట తిరుగుతున్నాయి. క్యామ్ షాఫ్టు నున్నగా దొర్లుతోంది. రాకర్లు ఒకదాని వెనక ఒకటి తలలూపుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. అతనికి సంతోషమూ వేసింది, ఏడుపూ వచ్చింది. బయటపడ్డానురా భగవంతుడా, అనుకున్నాడు.

మర్నాడు ఆషూర్ అనే డ్రైవరు తన టాక్సీ తెచ్చాడు. ఏళ్ళ తరబడి అతని బండి బాగుచేసేది బరకాతే. అలవాటు ప్రకారం ఏమీ చెప్పకుండా బానెట్ ఎత్తి పక్కన నిలబడ్డాడు. బరకాత్ రేకు మూత విప్పి అద్దం మూత బిగిస్తుంటే కాఫీ కొట్టు మొత్తం టీ గ్లాసులతో సహా లేచి వచ్చింది. బుత్రుస్ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"స్టార్టు చెయ్యి," అన్నాడు బరకాత్, పెళ్ళిపెద్దలా.

ఇంజిన్ లేచింది. జనం వంగారు. "అబ్బో" అన్న మొహాలు పెట్టారు. బరకాత్ రాకర్లన్నిటినీ వరసగా చూశాడు. ఏదీ వెనకబడటం లేదు. చైను బిగువుగా ఉంది. ఆయిలు అందుతోంది. యాక్సిలరేటరు కొంచెం తొక్కమని చెయ్యి ఊపాడు. ఆషూర్ తొక్కాడు. మళ్ళీ చూశాడు. ఎక్కడా తేడా లేదు.

"పట్టులాంటి ఇంజిన్!" అన్నాడు నడుం నిటారుగా చేసి. "ఏ జబ్బూ లేదు. తీసుకుపో. కైరో దాకా అయినా నిశ్చింతగా వెళ్ళు."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ శభాష్ అనలేదు. ఆషూర్ సీట్లోంచి దిగి అతనికేసి అలాగే చూస్తున్నాడు. టీ గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. ఎప్పుడూ ఎగతాళి చేసే నోళ్ళు కూడా మూతపడ్డాయి. బుత్రుస్ తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

ఏదో జరుగుతోంది. అందరికీ తెలుసు, తనకి తప్ప. బరకాత్ మళ్ళీ కిటికీలోకి చూశాడు. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు చెయ్యి కిందికి పోనిచ్చి, ఇంజిన్ అడుగు భాగాన అరచెయ్యి ఆనించాడు. కాలుతున్నా తియ్యలేదు. లోపలినుంచి సుత్తితో కొడుతున్నట్టు దెబ్బ మీద దెబ్బ తగిలింది.

అడుగున బేరింగు పోయింది. అది కిందది, పైమూత ఎంత తేటగా ఉన్నా కనపడేది కాదు. వీధి చివర నిలబడ్డ మనిషికి కూడా వినపడేంత చప్పుడు చేస్తుంది. సన్న చప్పుళ్ళే కాదు, ఇప్పుడా మోటు చప్పుడూ అతనికి అందడం లేదు. అలాంటి బండిని కైరో దాకా పొమ్మన్నాడు. దారిలో పిస్టన్ రాడ్డు విరిగి ఇంజిన్ పగిలేది. ఆషూర్ పిల్లలు తినేది ఆ ఇంజిన్ మీదే.

సిగ్గుతో చెంపలు మండిపోయాయి. చెవులు కాదు పాడయింది, తన బుద్ధి అనుకున్నాడు. డ్రైవరు తలుపు వైపు వెళ్ళి, చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు.

"నాకు వినపడ్డం లేదు," అన్నాడు. గొంతు ఎంత గట్టిగా వచ్చిందో అతనికే తెలియలేదు. "చాలా రోజులైంది. అందుకే ఈ దిక్కుమాలిన మూత. బండి ఎలా కొడుతోంది, ఎప్పణ్ణుంచి కొడుతోంది, ఎవరైనా చెప్పండి. నేనే అడుగుతున్నా."

ఇన్నేళ్ళుగా అతని ముందు నోరెత్తని వీధి అది. ఒక్కసారిగా అందరూ మొదలెట్టారు. ఆషూర్ చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. కాఫీ కొట్టువాడు అతన్ని పక్కకి నెట్టి ఇంకేదో చెబుతున్నాడు. పక్క షెడ్డు మెకానిక్కు ఇద్దరినీ తోసుకుని ముందుకొచ్చాడు. బుత్రుస్ కూడా చెబుతున్నాడు, ఇంజిన్ గురించి అతనికేం తెలుసో మరి. పదిహేను నోళ్ళు కదులుతున్నాయి.

బరకాత్ ఒక మొహం నుంచి ఇంకో మొహానికి చూశాడు. ఒక్క ముక్క అందలేదు.

"ఒక్కొక్కడు చెప్పండిరా!" అని అరిచాడు. "గట్టిగా!"