అవ్వ ఉరికిన కాడ

బెల్లంపల్లిలో ఎక్కిన రైల్లో, మా ఇంటి ముచ్చట్లతో నేనే రాసిన హాస్య పుస్తకం చదువుతూ నవ్వుకుంటున్నాను.

"జర గట్టిగ సదువు బిడ్డా, నేను గూడ నవ్వుత" అంది పక్కనున్న పెద్దావిడ.

బొగ్గుగని సైరన్ షిఫ్టు మారినప్పుడల్లా మోగుతుంది; వేళ కాని వేళ మోగితే ప్రమాదమని లెక్క. మేం అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. మా అవ్వ మాత్రం ఏ సైరన్ మోగినా పిండిచేతులతోనే బాపు కోసం గని దాకా ఉరికేది. ఆ పరుగును వెక్కిరిస్తూ రాసింది చదివాను. బోగీలో నలుగురూ పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది.

"మీ బాపు మంచిగున్నడా?"

"ఉన్నడమ్మా, రిటైరయిండు."

"మా ఆయన పానం గనిల పోయిన దినం నేను షిఫ్టు సైరనే అనుకున్న. రొట్టెలు చేసుకుంట కూసున్న."

నేను పుస్తకం మూయబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకోపారి సదువు బిడ్డా, మీ అవ్వ ఉరికిన కాడ."