పెట్టెలన్నిటికీ ఒకే పేరు

కర్పూరం వెలిగించి ఆర్పమన్నా ఆర్పుతాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాట నమ్మి పెనుకొండ కొండ మీద పులిని చూడ్డానికి పోయి, మేకను చూసి తిరిగొచ్చినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. అందుకే ముందే చెప్పి పెడుతున్నాను.

మాది హిందూపురంలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న ఆఫీసు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్లలోనూ మా లైను ఉంది. స్తంభాల మీద, మిద్దెల మీద స్విచ్ పెట్టెలు బిగించి ఉంటాయి. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు, అక్కడి నుంచి ఇళ్లకు వైరు పోతుంది. ఏది దేనికి కలిసిందో పూర్తిగా తెలిసిన పాత లైన్‌మ్యాన్‌కు బెంగళూరులో పని దొరికింది. మ్యాపు ఆయన తలలో ఉండేది. తల ఆయనతోనే వెళ్లిపోయింది.

ఆ లోటు ధర్మవరంలో చీరలమ్మే ఒకావిడ వల్ల తెలిసొచ్చింది. ఆమె భర్త మగ్గం నేస్తాడు. ఆమె ఫోను ముందు చీర పరిచి, వీడియో కాల్‌లో అమ్ముతుంది. ఆ సందులో మొబైల్ సిగ్నల్ అందదు, మా లైనే దిక్కు. బెంగళూరు పెళ్లివాళ్లు రెండుసార్లు కాల్ చేస్తే రెండుసార్లూ మొదటి చీర మడత విప్పిన కాసేపటికే లైను పోయింది. శుక్రవారం మధ్యాహ్నం ఆఖరుసారి చేస్తామని, అప్పుడూ పోతే వేరేవాళ్ల దగ్గర కొనుక్కుంటామని చెప్పేశారట. మావాళ్లు ఎన్నిసార్లు వెళ్లినా, వాళ్లు చేరేసరికి లైను బుద్ధిగా ఉండేది.

ఆమె నాకు ఫోన్ చేసింది గానీ కోప్పడలేదు.

"చీర బాగలేదంటే ఒప్పుకుంటాన్నా. చూడకుండానే పోతాండారు. అదే తట్టుకోలేకుండా ఉండా" అంది.

మ్యాపు లేకుండా పని జరగదని మా ఓనరుకు అర్థమైంది. ఈ స్విచ్ పెట్టెలను పద్ధతిగా అడిగితే జవాబు చెబుతాయి. నువ్వెవరు, నీ పక్కనెవరు, వైరు గుచ్చే ఏ రంధ్రంలోంచి ఎవరి మాటలు వస్తున్నాయి అని అడిగి, ఆ జవాబులతో మ్యాపు గీసే సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. ఏది మంచిదో ఎంచే పని నా మీద పడింది. హిందూపురం పెట్టెలు కన్నడంలోనే జవాబిస్తాయని చెప్పి, మా ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ చేత రెండు రోజులు వాటితో కన్నడం మాట్లాడించాను.

మొదటిదాన్ని చూపించడానికి టై కట్టుకుని ఒకాయన బెంగళూరు నుంచి వచ్చాడు. రంగురంగుల తెర, తిరిగే బొమ్మలు. బటన్ నొక్కితే మూడూళ్ల పెట్టెలను చకచకా అడిగింది. అడిగి, తెర మధ్యలో ఒకే ఒక్క గుండ్రం గీసింది. దాని చుట్టూ ముళ్లపందికి ముళ్లున్నట్టు గీతలు.

మా ఓనరు ఆ గుండ్రం మీద వేలు పెట్టాడు. "ఏమప్పా, మూడూర్లనూ ఒకటి చేస్తివే. రైల్వేవాళ్లకు చెప్పు, పట్టాలన్నా మిగుల్తాయి" అన్నాడు.

తప్పు ఆ సాఫ్ట్‌వేరుది కాదు. కొత్త పెట్టె బిగించినప్పుడల్లా పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, లోపల ఓనరు ఇలవేల్పు పేరు రాయడం మా ఆనవాయితీ. మూడూళ్లలో ఏ పెట్టెను పేరడిగినా ఆ అమ్మవారి పేరే చెబుతుంది. ఈ సాఫ్ట్‌వేరు పెట్టెలను పేరుతోనే గుర్తుపడుతుంది. పేర్లు మార్చేయండి, అంతా సరిపోతుంది అన్నాడు టై ఆయన.

"పెట్టిన పేరు తీసేస్తే ఆ యమ్మకు ఏం సమాధానం చెప్పాల? నువ్వొచ్చి చెప్తావా?" అన్నాడు ఓనరు. టై ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు.

రెండోది ఉచితంగా దొరికేది. నలుపు తెలుపు తప్ప రంగు లేదు, తెర చూస్తే కరెంటు బిల్లులా ఉంటుంది. కానీ అది పేరును లెక్కచేయదు. ఫ్యాక్టరీలో ప్రతి పెట్టెకూ వేసిన నంబరును చూస్తుంది. పైగా ఒక్కో రంధ్రం వెనక ఎవరెవరి నంబర్లు వినబడుతున్నాయో కూడా అడుగుతుంది. నేను దాన్నే ఎంచుకున్నాను. గురువారం సాయంత్రానికి మూడూళ్లూ విడివిడిగా తెర మీదికి వచ్చాయి.

అందులో ధర్మవరం వీధి పెట్టె దగ్గర నా చూపు ఆగింది. చీరలావిడ వైరు ఉన్న రంధ్రం వెనక ఒక్క ఇల్లే వినబడాలి. నాలుగైదు ఇళ్లు వినబడుతున్నాయి. అంటే మధ్యలో, ఏమడిగినా నోరు విప్పని చౌకరకం పెట్టె ఇంకొకటి ఉంది. పాత లైన్‌మ్యాన్ ఎప్పుడో తగిలించి ఉంటాడు.

శుక్రవారం పొద్దున్నే పెనుకొండ మీదుగా బండి మీద ధర్మవరం చేరాను. వీధి పెట్టె దగ్గర వైరు పట్టుకుని నడిచాను. అది ఆమె మిద్దె ఎక్కి, వెనకవైపు దిగి, ఆమె ఇంటి వెనక గదిలోకే దూరింది. మావాళ్లు ఎప్పుడూ ముందు గది దాటి చూడలేదు. లోపల ఆమె అత్త చీరకు ఇస్త్రీ చేస్తోంది. గోడకు ఒకటే ప్లగ్గు, అందులో ఇస్త్రీపెట్టె. అటక మీద మా మూగపెట్టె, దాని కరెంటు వైరు ఊడి వేలాడుతోంది.

కోడలు ముందు గదిలో మొదటి చీర చూపిస్తుంటే, అత్త రెండో చీరకు ఇక్కడ ఇస్త్రీ మొదలుపెడుతుంది. అదీ సంగతి. తక్కిన ఇళ్లవాళ్లు ఆ వేళ మగ్గాల మీద ఉంటారు, లైను పోయినట్టు వాళ్లకు తెలియదు.

"పనైతానే మల్లా గుచ్చుతా గదప్పా" అంది అత్త. "అది ఊరికే మినుకు మినుకుమంటాంటాది. దానికేం తొందర?"

బజారుకెళ్లి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, రెండిటికీ చోటు చేశాను. మధ్యాహ్నం కాల్ వచ్చింది. నేను వెనక గదిలో పెట్టెకు కాపలా కూర్చున్నాను. అత్త ఇస్త్రీ చేస్తూనే ఉంది, కోడలు చీరలు విప్పుతూనే ఉంది, లైను ఒక్కసారీ పోలేదు. ఆమె పరిచిన చీరలన్నీ పెళ్లివాళ్లు మారు మాట్లాడకుండా కొనేశారు.

ఇక కర్పూరం సంగతి. పై వాక్యం ఒక్కటే నేను కల్పించింది. వాళ్లు ప్రతి చీర కొంగూ అంచూ దగ్గరగా చూపించుకుని, ఒక్కటి మాత్రం తీసుకుని, తక్కినవి వద్దన్నారు. ఆమె చీరలు మడత పెడుతుంటే ఓదార్చబోయాను.

"ఉండనీన్నా" అంది. "చూసినంక వద్దనిరి. అది సాలు."