శనివారం పులిహోర

ఎనభైల చివర్లో కోదాడలో నేను పీజీ చదివేటప్పుడు నా గదిలో ఉన్న మిత్రుడు యూదుడు. గుంటూరు వైపు పల్లెటూరివాడు. తెలుగు మాట్లాడే యూదులుంటారని నాకు అతన్ని చూశాకే తెలిసింది. అతనిలాగే అటువైపు నుంచి చదువుకోడానికొచ్చినవాళ్లు సూర్యాపేటలో ఇద్దరు, మిర్యాలగూడలో ఒకడు ఉన్నారని వాకబు చేసి పట్టుకున్నాడు. శుక్రవారం పొద్దుగూకక ముందే ముగ్గురూ బస్సు దిగేవారు. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం; ప్రయాణం చేయకూడదు, పొయ్యి వెలిగించకూడదు. అందుకని మర్నాడు చీకటి పడేదాకా మా గదిలోనే ఉండేవారు. శుక్రవారం పొద్దుగూకేముందు దీపం పెట్టి పాడుకునేవారు, తమ గ్రంథం చదువుకునేవారు, ముందురోజు వండిన అన్నమే తినేవారు. అలా కలిసే చోటు వాళ్లకు మరొకటి లేదు.

ఇంటి యజమానురాలు బియ్యం కొట్టువాళ్ల పెద్దావిడ. మా గదిలో శుక్రవారం దీపం వెలగడం, శనివారం పొయ్యి వెలగకపోవడం చూసి మురిసిపోయింది.

"శుక్రారం లక్ష్మమ్మకు దీపం, శనారం ఎంకన్నకు ఒక్కపొద్దు. ఈ కాలం పోరగాళ్లల్ల ఎవరికుంటది నాయనా గింత నిష్ఠ?"

మిత్రుడు నవ్వి ఊరుకున్నాడు. అంతకుముందు యూదుణ్ణని చెప్పిన రెండు చోట్లా గది లేదు పొమ్మన్నారు.

ఇక ప్రతి శనివారం పూజయ్యాక ఆమె పులిహోర పంపేది. మరో దేవుడికి నైవేద్యం పెట్టింది వాళ్లు తినరు. "నువ్వు లాగించెయ్ రా" అనేవాడు తలుపు దగ్గరగా వేసి. నేను తినేవాణ్ణి. గిన్నె తిరిగిస్తే ఆమె అతన్నే అడిగేది, "మంచిగున్నదా?" అని.

"బాగుంది పిన్నిగారూ."

పైకొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒకనాడు ఆమె మనవరాలికి జ్వరం పట్టుకుని వదల్లేదు. "నీ మాట ఎంకన్న ఇంటడు. పిల్ల కోసం జర మొక్కు నాయనా" అని చేతులు పట్టుకుంది. ఇక ఆగలేకపోయాడు. మెట్ల మీదే ఉన్నదంతా చెప్పేశాడు.

ఆమె అతని చేతులు వదిలేసింది.

"నీ దేవుడు నీకు, మా దేవుడు మాకు. దాంట్ల ఏమున్నది? మరి పులిహోర ఎవరు తిన్నరు?"

నేను తల దించుకున్నాను.

"వారం వారం మంచిగున్నదంటివి గద" అంది అతనితో.

ఖాళీ చేయమనలేదు. పిల్లకు జ్వరం తగ్గిందని కూడా తనే చెప్పింది. కానీ ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది. అది భరించలేక నెలాఖరుకు మిత్రుడే గది వదిలేద్దామన్నాడు. హాస్టల్లో చేరాం. అక్కడ బయటివాళ్లను రాత్రి ఉండనివ్వరు.

మిర్యాలగూడ అతను మండిపడ్డాడు. "నీ గుండె తేలికపడటానికి మా అందరి చోటూ పోగొట్టావ్. ఆవిడ పొమ్మనలేదుగా?"

"పొమ్మనలేదు. ఏ మొహం పెట్టుకుని ఉంటాంరా?"

సూర్యాపేటలో ఒక లాడ్జిలో కొన్ని వారాలు కలిశారు. తర్వాత అదీ ఆగిపోయింది.

శుక్రవారం సాయంత్రాలు హాస్టల్ గదిలో అతనొక్కడే పాడేవాడు. మిగతా ముగ్గురూ అందుకోవాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, వాళ్ల చరణం కూడా తనే పాడేవాడు. నేను పుస్తకంలోంచి తలెత్తేవాణ్ణి కాదు.