సిగ్గనుకున్న వణుకు

యాభైల నాటి మాట. కె.కోటపాడులో అన్నయ్యకి పిల్లను చూడ్డానికి వెళ్లినప్పుడు నాకు పదమూడేళ్లు. పిల్ల ఇత్తడి పళ్లెంలో కాఫీ గ్లాసులు పట్టుకొచ్చింది. అవి ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. మా అమ్మ ముఖం వెలిగిపోయింది.

"గుంటకెంత సిగ్గో సూసేరా! సేతులెలా ఒణికిపోతన్నాయో!" అంది నాన్నతో.

మా వైపు పెళ్లిచూపుల్లో చెయ్యి వణికిన పిల్లకి మార్కులెక్కువ. నదురూ బెదురూ లేకుండా గ్లాసు అందించిందంటే గడుసుదని లెక్క. అమ్మ పట్టుబట్టి అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకునేలా చేసింది.

మా ఊరు చోడవరం కాపురానికొచ్చాక వదినకి సిగ్గు పోయింది గాని వణుకు పోలేదు. చెంబు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. ముగ్గు గీత వంకర్లు పోయేది. మా అందరికంటే నాలుగు ముద్దలు ఎక్కువే తినేది, అయినా రోజురోజుకీ చిక్కిపోయేది. చెరకు గానుగలాడే చలిరోజుల్లో మేమంతా దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే ఆమెకి చెమటలు పట్టేవి. వీధిలోవాళ్లు ఊరుకుంటారా?

"అత్త కాల్చుకు తింటంది కాబోలు, కోడలు గజగజలాడిపోతంది" అనేశారు.

అమ్మకి తల కొట్టేసినట్టయింది. మా అమ్మ నోరు పెద్దదే గాని మనసు వెన్న. "పల్లెత్తు మాటన్నానేటే దాన్ని?" అని నా దగ్గర వాపోయేది. ఒకనాడు మాత్రం ఉక్రోషం పట్టలేక, "ఇలాగైతే పుట్టింట్లో దిగబెట్టీడమే" అని నాన్నతో అనేసింది. ఆ మాట వదిన వింది. ఆ రోజు నుంచి వణుకు రెండింతలైంది. నాకు అమ్మ మీద ఒళ్లు మండింది.

చివరికి నాన్న పోరు పడలేక అమ్మ వదినను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. డాక్టరు వదినను చేతులు చాపమని వేళ్ల మీద కాయితం పెట్టాడు. అది రెపరెపలాడింది. మెడలోని కంటె తీయించి గొంతు తడిమాడు. అక్కడుండే గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందట. వణుకూ, చెమటా, చిక్కిపోవడమూ అన్నీ దాని చలవేనట. మందులతో తగ్గుతుందన్నాడు, తగ్గకపోతే ఆపరేషన్ ఉందన్నాడు.

వరండాలోకి రాగానే వదిన అమ్మ కాళ్ల మీద పడిపోయింది.

"పెళ్లికి ముందునించే ఉందత్తా ఈ ఒణుకు. సిగ్గనుకుంటార్లే, ఊరుకో అంది మాయమ్మ. నన్ను పంపీకండి."

ఇక పుట్టింటికి పంపేస్తుందనే అనుకున్నాను. అమ్మ వంగి వదిన రెక్క పట్టుకు లేపింది.

"మీయమ్మ సెప్పలేదు సరే, మురిసిపోయింది నేను కదే! నా కళ్లకేటయింది? లే, మందులట్టుకుని బస్సెక్కుదాం."

అమ్మ మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిన రోజు నాకు మరొకటి లేదు.

ఏడాది తిరిగేసరికి వదిన చెయ్యి నిలిచింది. మరో రెండేళ్లకి నా పెళ్లిచూపులు. కాఫీ పళ్లెం తెచ్చి నాకిచ్చింది వదినే. ఒక్క చుక్క తొణకలేదు. గుమ్మంలో మా పెద్దమ్మ నా చెవి దగ్గర చేరి, "ఒసే, కాస్త సేతులొణికించు, సిగ్గులేని గుంటనుకుంటారు" అంది.

అది అమ్మ చెవిన పడింది. పెళ్లివారందరికీ వినపడేలా అంది: "మా ఇంట్లో సెయ్యొణికితే సిగ్గనుకోం. డాక్టరుకి సూపిస్తాం."