ఇంగ్లండు బండి కోసం ఆళ్లగడ్డకు

పొద్దున ఆరుంబావుకు నంద్యాలలో బయలుదేరాను. ముందురోజు ఆళ్లగడ్డ నుంచి చెల్లెలు సలోమి ఫోను చేసింది. "అక్కా, నాయన బండిని బెంగళూరాయన అడుగుతాండాడు. నాకు మోకాలు నొప్పి, కిక్కు కొట్టలేను. నువ్వు నడిపేటట్టయితే తీసుకో. లేకుంటే ఆయనకిచ్చేస్తా."

అది ఇంగ్లండులో తయారైన బి.ఎస్.ఏ. మోటారు సైకిలు. మిషన్ ఆసుపత్రి దొరసాని తన దేశం పోతూ, అక్కడ పనిచేసే మా నాయనకు ఇచ్చిపోయింది. పదిహేనేళ్లకే నాకు పెళ్లి చేసిన నాయన, సలోమికి అదే వయసులో బండి నేర్పాడు, పోతూ దానికే ఇచ్చిపోయాడు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నాది జపాను వాళ్ల ఆర్.ఎక్స్. హండ్రెడ్. చూపు తగ్గి మా ఆయన పక్కన పెట్టేశాడు. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాను. మూడు వందలకు పెట్రోలు పోయించాను. పోయిరావడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది.

ఎడమవైపు నల్లమల కొండలు, రెండు పక్కలా మినుము చేలు. ఏడింటికి శిరివెళ్లలో ఆగి ఇడ్లీ తిన్నాను, ముప్పై రూపాయలు.

"యాడికి పోతాండావక్కా, ఒక్కదానివే బండేసుకొని?" అంది హోటలామె.

"మా నాయన బండి తెచ్చుకునేకి."

"మరి ఈ బండెవరు తెస్తారు?"

అది నేను ఆలోచించలేదు. చట్నీ ఇంకొంచెం వేయించుకున్నాను.

ఏడూముప్పావుకు ఆళ్లగడ్డలో సలోమి ఇల్లు చేరాను. ఆ వీధంతా శిల్పాలు చెక్కేవాళ్లు, అప్పటికే ఉలుల చప్పుడు మొదలైంది. బండి వాకిట్లో ఉంది. ట్యాంకులో ముఖం కనిపించేటట్టు తుడిచిపెట్టింది. ఆ మెరుపు చూసి సంతోషించాల్సింది పోయి, ఇన్నేళ్లు ఇది నా వాకిట్లో ఎందుకు లేదని ఏడుపొచ్చింది.

నా బండి తేలిక, ఒక కిక్కుకే కీచుమంటూ లేస్తుంది, ఆగిన చోట ఒక్క చేత్తో తిప్పుకోవచ్చు. నాయన బండిని స్టాండు దించడానికే ఇద్దరం కావాల్సి వచ్చింది. కాని మూడో కిక్కుకు అది అందుకుని గుండె కొట్టుకున్నట్టు నింపాదిగా మోగుతుంటే, నా బండి చప్పుడు చిన్నపిల్ల ఏడుపులా తోచింది.

"అక్కా, ఇను. దీనికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నీ దానికి తిరగేసి. కిక్కు నువ్వు కొట్టు, రెండు దినాలు నా ఎనక కూచొని చూడు."

"నాకు నేర్పేదానివైనావా? నేను దినామూ నడిపేదాన్నే."

సలోమి జాలిగా నావైపు చూసి, హ్యాండిలు నా చేతికిచ్చింది. తాను బడికి పోయేటప్పుడు కూడా నన్ను అట్లాగే చూసేది.

వీధి చివర దాకా బాగానే పోయాను. చెప్పొద్దూ, నాయన వీపు నాకొచ్చినట్టు నిటారుగా కూర్చున్నాను. తిరిగి వస్తుంటే మేకపిల్ల అడ్డమొచ్చింది. కుడికాలితో గట్టిగా తొక్కాను. బ్రేకు పడలేదు, ఇంకో గేరు పడింది. మేక తప్పించుకుంది. బండి రాతిపొడి కుప్పలోకి దూసుకుపోయి, సగం చెక్కిన నంది ముందు ఆగిపోయింది.

"ఇంకో జానెడొస్తే కొమ్ము పోయేదమ్మా! మూడు నెల్ల పని!" అన్నాడు శిల్పి, ఉలి పట్టుకునే.

సలోమి కుంటుకుంటూ వచ్చింది. నవ్వుతుందని పళ్లు బిగపట్టుకున్నాను. నవ్వలేదు. కొంగుతో నా ముఖం మీది పొడి తుడిచింది. అదే నాకు ఎక్కువ మండింది.

"నన్ను గూడా నాయన రెండుసార్లు గడ్డివాములో నుంచి లేపినాడులే. బెంగళూరాయన్ని రెండు ఆదివారాలు ఆపుతా. వస్తావా?"

"చూస్తాలే," అన్నాను.

మధ్యాహ్నం చెల్లెలు పెట్టిన సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి తిని, రెండింటికి నా బండి మీదే బయలుదేరాను. దారి పొడుగునా, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు అని నాలో నేను వల్లె వేసుకుంటూ వచ్చాను. శిరివెళ్ల దాటాక గొర్రెల మంద రోడ్డెక్కింది. ఎడమకాలితో బ్రేకు తొక్కాను. నా బండికి అక్కడ ఉన్నది గేరు. బండి ఒక్కసారి గుంజి, అరిచి, గొర్రెల మధ్య ఆగిపోయింది.

"ఏందమ్మా, కొత్త బండా?" అన్నాడు కాపరి.

"పాతదే నాయనా. నువ్వు తోలుకో."

మంద దాటేదాకా రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడ్డాను. ఇంగ్లండు బండీ, జపాను బండీ ఒకే రోజు నడపాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే: వద్దు. నాలుగింటికి ఇల్లు చేరాను. ఆదివారం ఆరాధన కాగానే ఆళ్లగడ్డ బస్సెక్కుతాను. సలోమి బండి నడుపుతుంటే వెనక సీటు మీద కూర్చుని, దాని కాళ్లు ఎట్లా ఆడతాయో చూస్తాను.